ఫ్రీజర్ ముద్దతో ఓట్స్ కిస్మిస్ కుకీలు: ఏడో బ్యాచ్, నడుమ ఇంకా మొండికేస్తోంది

ఏడో బ్యాచ్‌లో కుకీల అడుగు మాడలేదు! ఈ ఒక్క మాట రాయడానికి ఐదు ఆదివారాలు పట్టింది. నడుమ పచ్చిదనం మాత్రం పూర్తిగా పోలేదు. అందుకే ఈసారి కూడా రాసేదంతా దాని గురించే.

కొలతలు పాతవే. వెన్న 115 గ్రాములు, బెల్లం పొడి 65, బ్రౌన్ షుగర్ 65, గుడ్డు ఒకటి, మైదా 95, రోల్డ్ ఓట్స్ 130, కిస్మిస్ 100, వంట సోడా అర టీస్పూను. 40 గ్రాముల చొప్పున 15 ఉండలు వస్తాయి. గడ్డకట్టించి జిప్ కవర్లో దాచడం, మూడు వారాల నిల్వ, రుచి అన్నీ బాగా కుదిరాయి. పిల్లలు ట్యూషన్ నుంచి ఆరున్నరకి వస్తారు. నాలుగు ఉండలు తీసి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పెడితే ఏడింటికి వేడివేడిగా వాళ్ల చేతుల్లో ఉండాలి. నాకు కావలసింది అదే.

ఐదో బ్యాచ్‌లో ఏం జరిగిందో చెబుతాను. ఫ్రీజర్‌లోంచి తీసిన ఉండలు నేరుగా ట్రేలోకి వెళ్లాయి. డయల్ 180 మీద, 14 నిమిషాలు. పైన చక్కటి రంగు వచ్చింది. కానీ కుకీ పరుచుకోలేదు. వెడల్పు 5.5 సెంటీమీటర్లు, ఎత్తు 2.6. అడుగు మాడి చేదెక్కింది. అత్తయ్య ఒకటి విరిచి చూసి, "ఇదేటమ్మా, లోపల పచ్చిగానే ఉన్నాది" అన్నారు. థర్మామీటర్ గుచ్చితే నడుమ 58 డిగ్రీలే. గుడ్డు వేసిన పదార్థం లోపల 71 దాటాలి, కాబట్టి పిల్లలకు పెట్టకుండా అన్నీ పారేశాను. అదే ముద్దను కలిపిన రోజే కాల్చినప్పుడు 12 నిమిషాల్లో 8 సెంటీమీటర్లు పరుచుకుంది.

మొదటి అనుమానం ఓట్స్ మీద. రాత్రంతా ఉంటే అవి ముద్దలోని తడిని తాగేసి గట్టిపరుస్తాయి. తేల్చుకోవడానికి మూడు ఉండల్ని ఫ్రీజర్‌లో కాకుండా కింద ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి కాల్చాను. 7 సెంటీమీటర్లు వచ్చాయి. అంటే 8 నుంచి 7కి తగ్గడం ఓట్స్, ఫ్రిజ్ చల్లదనం కలిసి చేసిన పని, 7 నుంచి 5.5కి తగ్గడం గడ్డకట్టడం వల్ల. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే ఇంకా త్వరగా తడి పీలుస్తాయి, కుకీలకు వాటిని నేను వాడను.

రెండో అనుమానం ఓటీజీ మీద. లోపల వేలాడదీసే థర్మామీటర్ కొన్నాను. డయల్ 180 దగ్గర ఉంటే కింది అరలో ముల్లు 168కీ 200కీ మధ్య ఊగుతోంది! పైగా నా ట్రే నల్లది, వేడిని ఇట్టే లాగేసుకుంటుంది. బెల్లం కూడా తోడైంది. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి కాబట్టి పంచదార కన్నా ముందే రంగు తిరుగుతుంది. అయినా బెల్లం మానను. ఆ వాసన లేకపోతే ఓట్స్ కుకీ చప్పగా ఉంటుంది.

ఆరో బ్యాచ్‌లో, చాలామంది చెప్పినట్టు ఉండల్ని 20 నిమిషాలు గట్టు మీద వదిలేశాను. చల్లటి ఊళ్లవాళ్లకి అది పనికొస్తుందేమో గానీ శ్రీకాకుళంలో ఆ సాయంత్రం వంటింట్లో 33 డిగ్రీలు. వెన్న కరగడం మొదలయ్యేది కూడా దాదాపు ఆ వేడి దగ్గరే. పైపొర జిడ్డుగా జారిపోయింది, లోపల రాయిలా ఉండిపోయింది. కాల్చాక అంచులు అప్పడంలా పలచబడి మాడాయి, నడుమ మాత్రం బుడిపె నిలబడింది. మన వాతావరణంలో గట్టు మీద కరిగించడం వద్దే వద్దు.

ఏడో బ్యాచ్‌కి ఆకారమే మార్చాను. 40 గ్రాముల ఉండ అడ్డంగా 4 సెంటీమీటర్లు ఉంటుంది, నడిమధ్యకు వేడి చేరాలంటే 2 సెంటీమీటర్లు దాటాలి. అందుకే గడ్డకట్టించే ముందే గ్లాసు అడుగుతో నొక్కి 1.5 సెంటీమీటర్ల మందం బిళ్లలు చేశాను. మధ్య అర, ఒకదాని మీద ఒకటి రెండు ట్రేలు, పైన బటర్ పేపర్, థర్మామీటర్ ప్రకారం 165 దాటకుండా 18 నిమిషాలు. వెడల్పు 7, నడుమ 78 డిగ్రీలు, అడుగు బంగారు రంగు! పెద్దాడు రెండు తిన్నాడు.

కానీ విరిస్తే నాలుగింటిలోనూ నడుమ రూపాయి బిళ్లంత మేర ఇంకా ముద్దముద్దగానే ఉంది. 71 దాటింది కాబట్టి తినడానికి భయం లేదు, అయినా అది కుకీలా లేదు. ట్రే మీద పది నిమిషాలు ఆరనిచ్చినా అలాగే ఉంది. నాకు తోచింది ఇది: అంచుల్లోంచి, పైనుంచి ఆవిరి పోతుంది, నడుమ తడి మాత్రం ఓట్స్‌లోనే చిక్కుకుపోతోంది. పైకి తేలిన కిస్మిస్ కూడా ఉబ్బి మాడి చేదెక్కాయి.

గారెకి నడుమ చిల్లు ఎందుకు పెడతామో ఈ వారమంతా అదే ఆలోచిస్తున్నాను. వచ్చే ఆదివారం అరసవల్లి వెళ్లేలోపు ముద్ద కలిపి, బిళ్ల నడుమ బొటనవేలితో అర సెంటీమీటరు లోతు గుంట నొక్కి గడ్డకట్టిస్తాను. నాలుగు గుంటతో, నాలుగు మామూలుగా, ఒకే ట్రేలో. కిస్మిస్‌ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, తుడిచి, పైకి కనబడకుండా లోపలికి నొక్కేస్తాను.

వెన్న మాత్రం అమూల్ ఉప్పులేనిదే. ఉప్పు వెన్నతో ఉప్పు ఎంత పడిందో చేతిలో ఉండదు.

గుంట పనిచేస్తే తొమ్మిదో బ్యాచ్‌లో మైదాలో 30 గ్రాములు తీసేసి చోడి (రాగి) పిండి వేస్తాను. పలాస జీడిపప్పు బద్దలు అరకిలో ఇంట్లో ఉన్నాయి, కిస్మిస్‌లో సగం తగ్గించి అవి కలుపుతాను. చోడి పిండి తడిని ఇంకా ఎక్కువ లాగుతుందేమో, అందుకే ముందు నాలుగు బిళ్లలే.