వేడి నీళ్ళు, ఐస్ వద్దు

బుధవారం, రాత్రి

చైనీస్ మాట్లాడేవాళ్ళకి ఆన్‌లైన్‌లో చెప్పే ఇంగ్లీషు క్లాసులో ఇవాళ్టి పాఠం పానీయాలు. టీ, కాఫీ, మిల్క్, జ్యూస్, బీర్ అన్న పేర్లు రానివాళ్ళు పెద్దల క్లాసులో ఎవరూ ఉండరు. చిక్కంతా ఆ పేర్లకి ముందూ వెనకా వచ్చే చిన్న మాటలతోనే. దేంట్లో పోశారు, ఎంత స్ట్రాంగ్, ఐస్ ఎంత, తాగడమా తినడమా? కౌంటర్ అవతలివాడు అడిగేవీ అవే.

నీళ్ళతో మొదలుపెట్టడం మంచిది, రోజూ పని పడేది దానితోనే. చైనాలో హోటల్లో కూర్చోగానే వేడి నీళ్ళో టీయో ముందుకొస్తుంది. అమెరికాలో ఐస్ ముక్కలతో నిండిన గ్లాసు వస్తుంది. కాచిన నీళ్ళని చైనీస్‌లో ‘బాయ్ కాయ్ ష్వెయ్’ అంటారు. ఇందులో ‘కాయ్’ అంటే మరగడమూ, తెరవడమూ కూడా. దాన్ని మాటకి మాటగా ఇంగ్లీషులో పెడితే ‘ఓపెన్ వాటర్’ అయి కూర్చుంటుంది. ‘హాట్ వాటర్, ప్లీజ్’ అంటే సరిపోతుంది. వేడి అక్కర్లేదు, చల్లదనం లేకపోతే చాలనుకుంటే ‘నో ఐస్’. యూరప్‌లో ‘స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్’ అని అడిగితే సాధారణంగా రెండూ సీసా నీళ్ళే, బిల్లు పడుతుంది. కుళాయి నీళ్ళు కావాలంటే ‘ట్యాప్ వాటర్’ అని విడిగా అడగాలి. చైనాలో కుళాయి నీళ్ళు కాచకుండా తాగే అలవాటు లేదు, అందుకని ఈ మాట నోటికి వచ్చినా అడగడానికి మనసు రాదు. యూరప్‌లో చాలాచోట్ల హోటల్లో అలా అడగడం మామూలేనని కూడా క్లాసులోనే చెప్పాలి.

తర్వాత పాత్ర. చైనీస్‌లో ‘బెయ్’ అన్న ఒక్క మాటలో కప్పూ, గ్లాసూ, మగ్గూ అన్నీ ఇమిడిపోతాయి. అందుకే ‘ఎ కప్ ఆఫ్ బీర్’, ‘ఎ కప్ ఆఫ్ వైన్’ అని వస్తుంటాయి. చెవి ఉన్న పింగాణీదైతే కప్, గాజుదైతే గ్లాస్ అని చెప్తే చాలావరకు సర్దుకుంటుంది. కాగితందైనా ప్లాస్టిక్‌దైనా చల్లటిది పోసినా సరే కప్పే. రేకు డబ్బా క్యాన్, పాలూ జ్యూసూ వచ్చే అట్టపెట్టె కార్టన్. బ్రిటన్‌లో బీరు పైంటుల్లో పోస్తారు. అక్కడి పైంట్ 568 మిల్లీలీటర్లు, అమెరికా పైంట్ 473. ఒకే మాటకి దాదాపు వంద మిల్లీలీటర్ల తేడా. కాఫీని లెక్కపెట్టకూడదని వ్యాకరణ పుస్తకంలో చదువుకుని వస్తారు గానీ, కౌంటర్ దగ్గర ‘టూ కాఫీస్’ అనేదే మామూలు మాట.

క్రియ దగ్గర చైనీస్‌వాళ్ళూ మనమూ ఒకే పడవ. వాళ్ళు సూప్ తాగుతారు, జావ తాగుతారు, పెరుగు కూడా తాగుతారు. మాత్రలు మాత్రం ‘తింటారు’. మనమూ అంబలి తాగుతాం, ఆ మాటకొస్తే సిగరెట్టూ తాగుతాం. ఇంగ్లీషులో గిన్నెలో పోసుకుని చెంచాతో తీసుకునే సూప్‌కి ‘ఈట్’, కప్పులో పోసుకుని నేరుగా గుక్క వేస్తే ‘డ్రింక్’, మాత్రలకి ‘టేక్’. అనుమానం వచ్చిన ప్రతిచోటా ‘హ్యావ్’ వాడమంటే సగం తప్పులు రాలిపోతాయి. హ్యావ్ సూప్, హ్యావ్ కాఫీ, హ్యావ్ యోగర్ట్, ఏదైనా నడుస్తుంది. కాలాన్ని బట్టి క్రియారూపం మారడమన్నది చైనీస్‌లో లేదు. కాబట్టి డ్రింక్, డ్రాంక్, డ్రంక్ మూడూ విడివిడిగా నోటికి పట్టాలి. లేకపోతే రెండు కప్పుల టీ తాగాననబోయి ‘ఐయామ్ డ్రంక్’ అంటారు. ‘డూ యూ డ్రింక్’ అని అడిగితే అది మందు సంగతే, నీళ్ళ సంగతి కాదు.

టీకి వచ్చేసరికి రంగు మారుతుంది. వాళ్ళ ‘హోంగ్ ఛా’, అంటే ఎర్ర టీ, ఇంగ్లీషులో బ్లాక్ టీ. ‘రెడ్ టీ’ అని అడిగితే దక్షిణాఫ్రికా రూయిబోస్ తెచ్చి పెట్టొచ్చు, అది అసలు తేయాకే కాదు. వాళ్ళ ‘హెయ్ ఛా’, అంటే నల్ల టీ, ఇంగ్లీషులో డార్క్ టీ. మాగబెట్టిన పూ అర్ (చైనాలోని యునాన్ ప్రాంతపు టీ) ఆ కోవలోకి వస్తుంది. ఇక్కడితో అయిపోలేదు. బ్రిటన్‌లో ‘బ్లాక్ టీ’ అంటే పాలు పోయని టీ అని అర్థం చేసుకుంటారు. అక్కడ ‘ఇంగ్లీష్ బ్రేక్‌ఫాస్ట్’ అనో ‘అస్సామ్’ అనో పేరు పెట్టి అడిగి, పాలు కావాలో వద్దో విడిగా చెప్పడమే మంచిది. డికాక్షన్ బాగా దిగిన టీని చైనీస్‌వాళ్ళు ‘నోంగ్’ అంటారు, చిక్కన అన్నట్టు. మనమూ చిక్కటి టీ అంటాం, కాకపోతే మన చిక్కదనం పాలది. ఇంగ్లీషులో థిక్ అనేది మిల్క్‌షేక్‌కి. టీకి స్ట్రాంగ్, వీక్.

కాఫీ కౌంటర్ మీదే ఇవాళ ఎక్కువసేపు గడిచింది, గడవాలి కూడా. వచ్చే ప్రశ్నలు నాలుగైదే గానీ, అవతలివాడు వాటిని ఒకే ఊపిరిలో అనేస్తాడు. ‘ఫర్ హియర్ ఆర్ టు గో’ అంటే ఇక్కడే తాగుతారా, పట్టుకెళ్తారా అని. ‘రూమ్ ఫర్ మిల్క్’ అన్నప్పుడు చాలామంది బిగుసుకుపోతారు, పాఠ్యపుస్తకంలో రూమ్ అంటే గది మరి. కప్పు పైన పాలకి రెండు వేళ్ళ ఖాళీ వదలమంటారా అని దాని భావం. ఎవరైనా పాలు పోస్తూ ‘సే వెన్’ అన్నారంటే అది ఎప్పుడన్న ప్రశ్న కాదు. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అనే చోటది. జవాబు ‘దట్స్ గుడ్’.

సైజుల్లో ఇంకో ఉచ్చు ఉంది. చైనా స్టార్‌బక్స్‌లో టాల్‌ని మధ్య కప్పు అనీ, గ్రాండేని పెద్ద కప్పు అనీ, వెంటిని మరీ పెద్ద కప్పు అనీ అంటారు. ఆ అలవాటుతో అమెరికాలో ‘మీడియం’ అంటే 12 ఔన్సుల టాల్ బదులు 16 ఔన్సుల గ్రాండే చేతికొస్తుంది. తీపి సంగతీ అంతే. తైవాన్ మిల్క్ టీ కొట్టులో తీపికీ ఐస్‌కీ మెట్లు ఉంటాయి. మామూలు తీపి, పదింట ఏడు పాళ్ళు, సగం, పదింట మూడు పాళ్ళు, అసలు లేకుండా అని చెప్తే చాలు (కొట్టుని బట్టి కాస్త తేడా ఉంటుంది). ‘థర్టీ పర్సెంట్ షుగర్’ అన్న మాట అమెరికాలో బోబా (ఈ తైవాన్ మిల్క్ టీ) కొట్టుదాకానే చెల్లుతుంది. స్టార్‌బక్స్‌లో సిరప్‌ని పంపుల్లో, అంటే సీసా పంపు ఎన్నిసార్లు నొక్కారో దాంట్లో, లెక్కపెడతారు. వేడి గ్రాండేలో మామూలుగా నాలుగు పంపులు, సగం తీపి కావాలంటే ‘టూ పంప్స్’. ఐస్ తగ్గించమనడానికి ‘లైట్ ఐస్’. ‘ఐ వాంట్’ అనడం తప్పేమీ కాదు గానీ చెవికి మోటుగా తగులుతుంది. అమెరికాలో ‘క్యాన్ ఐ గెట్’, బ్రిటన్‌లో ‘కుడ్ ఐ హ్యావ్’. ‘నాకు కాఫీ కావాలి’ అనే అలవాటున్న తెలుగువాళ్ళకీ ఇదే మందు.

మందు అంటే గుర్తొచ్చింది. నిఘంటువు చూసి నేర్చుకున్నవాళ్ళకి అసలు ప్రమాదం ‘జియు’ అన్న మాటతో. వైన్, బీరు, జొన్న సారా అన్నీ జియులే. ‘బాయ్ జియు’ అంటే తెల్ల జియు, దాన్ని ‘వైట్ వైన్’ అనేస్తారు. వైట్ వైన్ ద్రాక్షది, 12, 13 శాతం ఆల్కహాలు. బాయ్ జియు ఎక్కువగా జొన్నలతో బట్టీ పెట్టి తీసింది, పేరుమోసిన మావొతాయ్ 53 శాతం. అతిథికి వైట్ వైన్ అని చెప్పి గ్లాసు నిండా ఇది పోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ‘స్పిరిట్’ అనాలి, అమెరికాలోనైతే ‘లిక్కర్’. ‘గాన్ బెయ్’ అంటే కప్పు ఎండగొట్టమని, దానికి సరిజోడు ‘బాటమ్స్ అప్’. ‘చియర్స్’ అన్నప్పుడు ఒక గుక్క వేసి దించేసినా ఎవరూ ఏమీ అనుకోరు. సైడర్ దగ్గరా చూసుకోవాలి. అమెరికాలో ‘యాపిల్ సైడర్’ పులియని యాపిల్ రసం, పిల్లలూ తాగుతారు. బ్రిటన్‌లో సైడర్ అంటే ఆల్కహాలు ఉన్నదే.

ఉచ్చారణకి కాస్తే సమయం మిగిలింది. చైనీస్ ప్రామాణిక భాష మాండరిన్‌లో మాట చివర వచ్చే హల్లులు న్, ఙ్, ఉత్తరాదిన ర్. అంతే. అందుకే ‘మిల్క్’ చివర కకారం మాయమవుతుంది, లేకపోతే దానికో అచ్చు తగులుకుంటుంది. విడిగా వందసార్లు అనిపించినా లాభం తక్కువ. వెనకాల అచ్చుతో మొదలయ్యే మాట తగిలిస్తే అదే పలుకుతుంది: ‘మిల్క్ ఇన్ ఇట్’ని మిల్-కి-నిట్ అని విరిచి చెప్పించాలి. ‘కోల్డ్ ఆర్ హాట్’ కూడా అలాగే, కోల్-డర్-హాట్. ‘ఐస్డ్ టీ’లో డకారాన్ని ఇంగ్లీషువాళ్ళే మింగేస్తారు, దానికోసం అలిసిపోనక్కర్లేదు. వైన్ విషయంలో మాత్రం చైనీస్‌వాళ్ళే నయం, పెదాలు గుండ్రంగా చుట్టే వకారం వాళ్ళ భాషలోనే ఉంది. మన నోట్లో తాగే వైన్ (wine) అయినా ద్రాక్షతీగ వైన్ (vine) అయినా ఒకటే.

శుక్రవారం క్లాసుకి వరస ఒక్కటే పెట్టాలి: ఎన్ని, సైజు, చల్లదా వేడిదా, పేరు, ఆ తర్వాత విత్‌లు, నోలు. చైనీస్‌లో పేరు ముందు చెప్పి, సైజూ, చల్లదా వేడిదా అన్నదీ తర్వాత తగిలించినా నడుస్తుంది, ఇంగ్లీషులో అవి పేరుకి ముందుకి రావాలి. ‘వన్ లార్జ్ ఐస్డ్ లాటె విత్ ఓట్ మిల్క్, నో సిరప్, ప్లీజ్.’ ఇది తడబడకుండా వచ్చాక రెండో మనిషికి వేరే సైజు కలిపి చెప్పించాలి, బిల్లు కలిపా విడివిడిగానా అన్న ప్రశ్న కూడా అక్కడే దొర్లించొచ్చు.