పైక్స్ పీక్ మీద ఒక ఆదివారం

రాత్రి ఒంటిగంటకి లేపాడు బావ, "లేరా, గేటు దగ్గర క్యూ మొదలైపోయుంటది" అని. జూన్ ఆఖరి ఆదివారం, అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పక్కన పైక్స్ పీక్ హిల్ క్లైంబ్, అంటే కార్లు ఒక్కొక్కటిగా టైం కొలుచుకుంటూ కొండెక్కే రేస్. చీకట్లోనే కొండెక్కి కూర్చోవాలి, ఆ తర్వాత రోడ్డు మూసేస్తారు, ఇంక రేస్ మొత్తం అయ్యేదాకా దిగడం కుదరదు.

నిజం చెప్పాలంటే నేను సగం మనసుతోనే వెళ్ళా. నా బుర్రలో ఉన్నది 1988లో ర్యాలీ డ్రైవర్ ఆరి వాటనెన్ ప్యూజో కారుని అడ్డంగా జారిస్తూ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిన కొండ. ఇప్పుడదంతా తారు. రోడ్డు మీది కంకర కొట్టుకుపోయి కింద వాగులు పాడవుతున్నాయని కోర్టు కేసు పడింది, దాంతో 2002 నుంచి ముక్కలు ముక్కలుగా తారేస్తూ 2011కి పూర్తి చేశారు. "ఇంకేముంది బావా, మామూలు సర్క్యూటే కదా" అని దారంతా వాడి బుర్ర తిన్నా.

డెవిల్స్ ప్లేగ్రౌండ్ అనే చోట ఆగాం. 12,000 అడుగులు ఎప్పుడో దాటేశాం, నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం, తల దిమ్ముగా ఉంది. మనకే ఇలా ఉంటే ఇంజిన్ సంగతేంటి? 14,115 అడుగుల శిఖరం దగ్గర గాలి పల్చగా ఉంటుంది, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసేది) లేని ఇంజిన్‌కి మూడో వంతు పైగా పవర్ పోతుంది, కారుని రోడ్డుకి నొక్కిపట్టే రెక్కలకి కూడా పట్టు తగ్గుతుంది, అందుకే ఇక్కడి కార్లకి అంతంత పెద్ద రెక్కలు. ఎలక్ట్రిక్ కార్లకి ఆ గాలి గోల లేదు, కాకపోతే చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తాయని సైరన్ పెడతారు, అంబులెన్స్ వస్తోందనుకుని నేను పక్కకి జరిగా, బావ ఒకటే నవ్వు.

మొదటి కారు వచ్చాక నా సణుగుడు ఆగిపోయింది. పైన రోడ్డు నున్నగా ఏం లేదు, కింద నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి తారుని ఎగుడుదిగుడు చేసేస్తాయి, కారు ఎగిరి పడుతుంటే పక్కన చాలా చోట్ల రెయిలింగ్ కూడా లేదు. మట్టి మీద జారుతున్నట్టు ముందే తెలిసేది, తారు మీద స్పీడు ఎక్కువ, పట్టు తప్పితే ఒక్కసారే తప్పుతుంది. 20 కిలోమీటర్లు, 156 మలుపులు, పోటీ రోజు ఒక్కటే ఛాన్స్, పైగా ప్రాక్టీస్ కూడా ముక్కలుగానే ఇస్తారంట, అంటే రోడ్డంతా ఒకే ఊపులో రేస్ స్పీడ్‌లో ఎక్కేది ఆ రోజే. 1916లో మొదటిసారి గెలిచినాయనకి దాదాపు 21 నిమిషాలు పట్టింది, 2011లో టజీమా 10 నిమిషాల లోపే ఎక్కేశాడు, 2013లో లోబ్ 8:13, 2018లో రోమాన్ డ్యూమా ఎలక్ట్రిక్ ఫోక్స్‌వాగన్‌లో 7:57. బైకులైతే ఇప్పుడు లేవు, 2019లో కార్లిన్ డన్ ఫినిష్ లైన్‌కి కాస్త దూరంలో పడి చనిపోయాడు, ఆ తర్వాత ఆపేశారు.

మధ్యాహ్నానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మబ్బు, వడగళ్ళు. రాళ్ళ మధ్య పిడుగులు గెంతులేస్తాయనే ఆ చోటికి దెయ్యం పేరు పెట్టారని అప్పుడు చెప్పాడు బావ, కార్లోకి పరిగెడుతూ. పొద్దున చెప్తే కింద ఎక్కడో కూర్చునేవాళ్ళం కదా! మిగిలిన కార్లకి ఫినిష్ కిందకి మార్చేశారు, అంత పొద్దున లేచి పైకొచ్చిన మాకు అవి కనిపించనే లేదు.

ఒళ్ళు మండిపోయింది. కానీ వాన తగ్గాక, అప్పటికే పైకెళ్ళిన కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి మెల్లగా దిగుతుంటే జనం అంతా రోడ్డు పక్కన చేతులు చాపి నిలబడ్డారు, డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఒక్కొక్కళ్ళకీ కొట్టుకుంటూ వెళ్ళారు. నాకూ పన్నెండో పదమూడో పడ్డాయి. అందులో ఒకాయన గ్లవ్ ఇంకా చెమటతో తడిగా ఉంది.