బెంగాల్ పిల్లి కోసం పెడిగ్రీలో 62 పేర్లు చదివాను: నా అనుభవం

బంగారు రంగు ఒంటి మీద చిరుతకున్నట్టు గుండ్రటి మచ్చలు, ఎండ పడితే వెంట్రుకల కొసల్లో మెరుపు. బెంగాల్ పిల్లిని చూసి మనసు పారేసుకోవడానికి నిమిషం చాలు. న్యూయార్క్ రాష్ట్రంలో దాన్ని సరైన కాగితాలతో ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం నాకు ఏడు నెలలు పట్టింది. అందులో సగం కాలం పెడిగ్రీ, అంటే పిల్లి వంశవృక్షం రాసిన కాగితం, చదవడం నేర్చుకోవడానికే పోయింది. ఇక్కడి తెలుగువాళ్లలో ఈ జాతి మీద ఆశ ఉన్నవాళ్లకి పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ఈ జాతికి మూలం ఆసియా చిరుతపిల్లి, శాస్త్రీయ నామం ప్రియొనైలూరస్ బెంగాలెన్సిస్. మన దేశపు అడవుల్లోనూ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది కాబట్టి అక్కడ పట్టుకోవడం, పెంచడం నేరం. కాలిఫోర్నియాకు చెందిన జీన్ మిల్ 1960ల్లో దాన్ని ఇంటి పిల్లితో కలిపి చూసింది. 1980ల్లో మళ్లీ మొదలుపెట్టి జాతిగా నిలబెట్టింది. పిల్లి జాతులను నమోదు చేసే టికా సంస్థ 1991లో ఛాంపియన్‌షిప్ హోదా ఇచ్చింది. అందరూ అడవి లక్షణం అనుకునే ఆ మెరుపు నిజానికి ఢిల్లీ నుంచి వచ్చింది. ఢిల్లీ జూలో ఖడ్గమృగం ఆవరణలో తిరిగే ఒక ఊరపిల్లిని జీన్ మిల్ అమెరికా తెచ్చుకుంది. బెంగాల్‌లలోకి ఆ మెరుపు పాకింది దాని సంతానం ద్వారానే. ఈ సంగతి తెలిశాక నా ఎంపికే మారిపోయింది. అందం కోసం అడవి రక్తం ఎక్కువున్న పిల్లే కావాలన్న పట్టుదల వదిలేశాను.

తరాల లెక్క ఇలా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకటి చిరుతపిల్లి అయితే ఆ కూన ఎఫ్1, తాతల వరసలో ఉంటే ఎఫ్2, ఆ పై వరస అయితే ఎఫ్3. అడవి వాటా సగటున 50, 25, 12.5 శాతంగా తగ్గుతూ వస్తుంది. మొదటి మూడు తరాలూ సగటు ఇంటికి పనికిరావు. బెదురు ఎక్కువ, గోడల మీద, పరుపుల మీద మూత్రం చిమ్మే అలవాటూ ఎక్కువ. పెంపకానికి అమ్మేవి ఎఫ్4, ఆ తర్వాతివి. టికా కాగితంలో వాటి నంబరు ఎస్‌బీటీ అనే అక్షరాలతో మొదలవుతుంది.

నేను తడబడింది సరిగ్గా ఇక్కడే. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం ఆ పిల్లి టికాలో గానీ, అలాంటిదే మరో సంస్థ ఏసీఎఫ్ఏలో గానీ నమోదై ఉండాలి, కనీసం ఐదు తరాలు అడవి పూర్వీకులు ఉండకూడదు. ఎస్‌బీటీ అని ఉన్నంత మాత్రాన ఆ షరతు తీరదు. ఎఫ్4 కూడా ఎస్‌బీటీయే, కానీ దాని నాలుగో వరసలో చిరుతపిల్లి కూర్చుని ఉంటుంది. ఒక బ్రీడర్ "ఎస్‌బీటీ అంటే సరిపోతుంది" అని గట్టిగా చెప్పారు. ఐదు తరాల పెడిగ్రీ అడిగితే పంపలేదు. అక్కడితో ఆ బ్రీడర్‌ని వదిలేశాను.

ఐదు తరాల పెడిగ్రీ అంటే 2, 4, 8, 16, 32 మొత్తం కలిపి 62 పేర్లు. ఒక్కోదాని పక్కన జాతి పేరు రాసి ఉంటుంది. అన్నీ చదవాల్సిందే, అయితే ముందు ఎక్కడ చూడాలో ఒక కిటుకు ఉంది. ఎఫ్1 నుంచి ఎఫ్3 వరకు మగవి సాధారణంగా గొడ్డువి, కాబట్టి అడవి రక్తం ఆడవాటి గుండానే కిందికి దిగుతుంది. తల్లి వైపూ తండ్రి వైపూ రెండింట్లోనూ తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి అంటూ పైకి వెళ్లి, చివర కనిపించే మగదాని జాతి చూడాలి. ఏషియన్ లెపర్డ్ క్యాట్ (అదే ఆసియా చిరుతపిల్లి) అని ఉంటే అది ఎన్నో వరసో లెక్కపెట్టండి. నేను ఐదో వరసలో కూడా ఆ పేరు లేని కూననే తీసుకున్నాను.

తర్వాత పరీక్షల కాగితాలు. పీఆర్ఏ-బీ అనేది బెంగాల్‌లకు వంశపారంపర్యంగా వచ్చే కంటిజబ్బు. కూనకు 7 వారాల వయసులోనే రెటీనా దెబ్బతినడం మొదలవుతుంది. రెండోది పీకే అనే ఎంజైము లోపం, దానివల్ల రక్తహీనత. రెండూ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ దిగితేనే జబ్బుగా బయటపడతాయి కాబట్టి ఇద్దరి డీఎన్ఏ ఫలితాలూ అడగాలి. కనీసం ఒకదానికైనా ఎన్/ఎన్ (ఆ లోపం లేదని అర్థం) అని ఉంటే కూనకు జబ్బు రాదు. గుండె కండరం మందమయ్యే హెచ్‌సీఎం విషయంలో మాత్రం డీఎన్ఏ కాగితం చూపిస్తే ఒప్పుకోకండి. ఆ పరీక్ష మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో దొరికిన మార్పుల కోసం చేసేది, బెంగాల్ గుండె గురించి ఏమీ చెప్పదు. తల్లిదండ్రులకు గుండె నిపుణుడు చేసిన ఎకో (గుండె స్కాన్) రిపోర్టు కావాలి. దాని మీద తేదీ చూడండి, ఏడాది దాటితే పాతదే.

కూన మచ్చలు చూసి బేరమాడేవాళ్లు వయసు గమనించాలి. సుమారు 4 వారాల నుంచి 3, 4 నెలల దాకా ఒంటి మీద బూడిదరంగు నూగు లేచి మచ్చలు మసకబారతాయి. 2, 3 వారాలప్పటి ఫొటో అడిగితే అసలు తీరు తెలుస్తుంది. నేను 14 వారాలకు తెచ్చుకున్నాను.

ఇంటి పని అంతకుముందే ముగించాలి. గోడకు 30 సెంటీమీటర్ల వెడల్పు చెక్కలు మెట్లలా బిగించాను. ఇక్కడి ఇళ్లలో గోడ జిప్సం బోర్డు. స్క్రూ దాంట్లోకే దిగితే 5 కిలోల పిల్లి దూకగానే ఊడి వస్తుంది. లోపలి కర్ర స్టడ్‌లు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి, వాటిలోకే దించాలి. పరుగు చక్రం నాలుగడుగుల వ్యాసంది కొన్నాను. పరిగెత్తేటప్పుడు వెన్ను పైకి వంగితే చక్రం చిన్నదని అర్థం. లిట్టర్‌కి (పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుకలాంటి రేణువులు) అడుగు ఎత్తు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టాలి, ఎందుకంటే చాలా బెంగాల్‌లు నిలబడి పోస్తాయి. ఒక పిల్లి ఉంటే రెండు డబ్బాలు. బట్టల డ్రయ్యర్ వేసే ముందు పిల్లి దూరి ఉందేమోనని లోపల చెయ్యి పెట్టి తడిమి చూడటం తప్పనిసరి.

తిండి గురించి మనవాళ్లకి ఒక మాట. పెరుగన్నంతో పిల్లి బతకదు. దానికి మాంసంలో దొరికే టారిన్ కావాలి, లేకపోతే కళ్లు, గుండె పాడవుతాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్క ఒక్కటి కూడా పెట్టొద్దు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి.

తెచ్చిన రెండో వారంలో జిగటతో కూడిన పలచటి విరేచనాలు మొదలయ్యాయి, తినడం, ఆడటం మామూలే. కూనలు గుంపుగా పెరిగే చోట ట్రైట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి ఇలా పట్టుకుంటుంది. మామూలు మలపరీక్షలో ఇది దొరకదు, సూక్ష్మదర్శినిలో జియార్డియా అనే మరో పరాన్నజీవి అని పొరపడే వీలుంది. మెట్రోనిడజోల్ వాడితే కొన్నాళ్లు తగ్గినట్టుండి తిరగబెట్టింది. అప్పుడు మలంలో ఆ జీవి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష అడిగాం. లిట్టర్ రేణువులు అంటకుండా తాజా మలం ఇవ్వాలి. పాజిటివ్ రావడంతో వెట్ (పశువైద్యుడు) రోనిడజోల్ అనే మందు రాశారు, కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి, 14 రోజులు. విపరీతమైన చేదు కాబట్టి క్యాప్సూల్‌లోనే ఇవ్వాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి. నడకలో తూలు, వణుకు కనిపిస్తే వెంటనే ఆపి వెట్‌కి ఫోన్ చేయాలి. ఆ రెండు వారాలూ రోజూ లిట్టర్ మొత్తం మార్చి డబ్బా కడిగాను. మందు ఆపిన రెండు వారాలకు చేసిన పీసీఆర్ నెగటివ్ వచ్చింది. లక్షణాల్లేకుండా దాగి ఉండగలదు కాబట్టి ఐదో నెలలో మరోసారి చేయించడానికి తేదీ రాసిపెట్టుకున్నాను.