చిక్కుడుపాదుకి చీకటి

తొలేళ్ల రోజు, అంటే సిరిమానుకి ముందురోజు, పొద్దున్న ఇంటి నిండా చుట్టాలు. పైడితల్లి పండగంటే మా విజయనగరంలో అన్ని ఇళ్లదీ అదే వరస. సిరిమాను, అదే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను, చూడ్డానికి వచ్చినవాళ్లకి పక్కలు చాలవు, టీ గ్లాసులు చాలవు. తువ్వాళ్లు ఆరేద్దామని మేడెక్కాను. తాడు మీద ఒకటి వేసి పక్కకి చూద్దును కదా, చిక్కుడుపాదులోంచి ఒక కాడ నిటారుగా పైకి లేచి ఉంది. దాని పొడుగునా వంకాయరంగు మొగ్గలు, ఒక్కోటి కందిగింజంత. అడుగున ఉన్న రెండు అప్పుడే విచ్చుకున్నాయి. ఒక నల్లచీమ కాడ ఎక్కుతోంది, దిగుతోంది.

బకెట్టు అక్కడే వదిలేసి "అత్తయ్యా, ఒక్కసారి పైకి రండి" అని కేకేశాను. మోకాళ్ల నొప్పులని నెల రోజులుగా మెట్లెక్కని మనిషి, చిక్కుడనగానే ఎక్కేశారు.

"ఏటమ్మా, ఎట్టేసినాదా పువ్వు?"

ఎట్టేసింది. అక్టోబర్ 6న. పోయినేడు ఇదే పండక్కి ఆవిడ ఇదే మాట అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పోయినేడు కూడా గింజలు ఆషాఢంలోనే పెట్టాను. గజపతినగరం దగ్గర అత్తయ్యగారి పుట్టింటి గింజలవి. అంచు ఎర్రగా ఉండే చిక్కుడు, బూడిదలో కలిపి గుడ్డమూట కట్టి దాచిన రకం. రెండు పెద్ద పెయింటు డబ్బాల్లో ఎర్రమట్టి, గెత్తం (పశువుల ఎరువు), కాస్త ఇసక కలిపి నాలుగేసి గింజలు పెట్టాను. పందిరి మాత్రం గట్టిది. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నా వెదురు పందిరి పక్కవీధిలో దొరికింది. ఫైలిన్ అక్టోబర్ 12, హుద్‌హుద్ అక్టోబర్ 12, తిత్లీ అక్టోబర్ 11. మా వైపు వాళ్లం ఆ వారం క్యాలెండర్ చూడకుండా పందిరి వేయం. అందుకే ఇనప పైపులు, జీఐ తీగ.

శ్రావణానికల్లా పాదు పందిరెక్కేసింది. భాద్రపదంలో దాని కింద నిలబడితే చినుకు పడేది కాదు, అంత ఆకు. దసరా వెళ్లింది, సిరిమాను వెళ్లింది, దీపావళి వెళ్లింది. పువ్వు మాత్రం లేదు.

సలహాలకేం కొదవ? గెత్తం ఎక్కువై ఆకు బలిసిందన్నారొకరు, గెత్తం మానేశాను. నీళ్లు ఎండగట్టమన్నారు, ఎండగట్టాను, పాదు వాడిపోయి నన్ను భయపెట్టింది. ఆకు దూసేయమని అత్తయ్యగారు ఫోన్‌లో చెప్పారు. రెండు సంచుల ఆకు దూశాను, పది రోజుల్లో మళ్లీ కమ్మేసింది. ఎదురింటావిడ దిష్టి అంది. పందిరికి పాత చెప్పు కట్టాను. నేను బొబ్బిలి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను, చెప్పు కట్టినట్టు స్కూల్లో ఎవరికీ చెప్పలేదు.

కార్తీక పౌర్ణమి రాత్రి దొరికింది దొంగ. 365 వత్తులు వెలిగించడానికి మేడ మీదకి వెళ్లాను. గాలికి ఆరిపోకుండా వాటర్ ట్యాంకు చాటున పెట్టి, వెలిగించి, దణ్ణం పెట్టుకుని తలెత్తాను. ట్యాంకు నీడ పందిరి మీద ఒక మూల నల్లగా, గీత గీసినట్టు పడింది. పువ్వులు ఆ మూలే ఉన్నాయి! ఏడో ఎనిమిదో గుత్తులు. నీడ గీత దాటాక ఒక్కటంటే ఒక్కటి లేదు, అంతా ఆకే. ఒకే డబ్బాలో, ఒకే గెత్తం తిన్న పాదు.

వెనక్కి తిరిగి చూస్తే ఆ నీడ వేస్తున్నది వీధి లైటు. ఆ జూలైలో మా స్తంభానికి పాత పసుపుపచ్చ లైటు తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టారు. స్తంభం మా పిట్టగోడకి నాలుగు అడుగుల దూరం. రాత్రి పదింటికి మేడ మీద పేపర్లు దిద్దుకోవచ్చు, అంత వెలుగు. అప్పుడు అందరికంటే సంతోషించింది నేనే.

మర్నాడు స్కూల్లో సైన్స్ మాస్టారితో అంటే ఆయన నవ్వేశారు. "మేడమ్, చిక్కుడు చిన్న పగటి మొక్క కదా, పగలు తగ్గితేనే పూస్తుంది." మా ఊళ్లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకి 11 గంటల దగ్గరకి వస్తుంది. సెప్టెంబర్ 23 ప్రాంతంలో రాత్రీ పగలూ ఇంచుమించు సమానం, అక్కణ్ణుంచి రాత్రిదే పైచేయి. నాటు చిక్కుడు ఆ లెక్క చూసుకునే మొగ్గ తొడుగుతుంది. అదీ లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుందట, చీకటి ఎంతసేపుందో దానివల్లే మొక్కకి తెలుస్తుంది. రాత్రంతా లైటు వెలిగితే దాని దృష్టిలో ఇంకా ఎండాకాలమే. పువ్వెందుకు పెడుతుంది, ఆకు పెంచుకుంటుంది.

పగటి పొడుగుని బట్టి మొక్కలు పూస్తాయని తేల్చి చెప్పింది గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు, 1920లో. వాళ్లని ఏడిపించింది పొగాకు. మేరీలాండ్ మామత్ అనే రకం వేసవంతా పువ్వు లేకుండా ఎదుగుతూనే ఉంటే, రోజూ పొద్దు ఉండగానే చీకటి కొట్టంలో పెట్టి పూయించారు. చామంతి పెంచేవాళ్లు ఇదే కిటుకుని తిరగేసి, రాత్రుళ్లు లైట్లు వేసి పువ్వు ఆలస్యంగా వచ్చేలా చేస్తారు. అది విన్నాక, నా చామంతి కుండీలు ఆ ఏడాది పుష్యం దాకా ఎందుకు బిగదీసుకుని కూర్చున్నాయో కూడా తెలిసింది.

ఇదంతా అత్తయ్యగారికి చెబితే ఆవిడకేం ఆశ్చర్యం వేయలేదు. "దీపం ఎట్టీసి పడుకోమంటే నీకు నిద్దరొస్తాదేటి?" అన్నారు. సరే. అర్కా జయ్, అర్కా విజయ్ అని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల పొద చిక్కుళ్లున్నాయి, వాటికి ఈ రాత్రీ పగలూ గొడవ లేదు, అవి వేద్దామా అన్నాను. "అయి తిన్నావేటి నువ్వు?" అన్నారు. తినలేదు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

లైటు తీయించడం న్యాయం కాదు. ఆ వీధిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఆడపిల్లలున్నారు. అందుకని ఈ ఏడు వినాయకచవితి నాడు పిట్టగోడకి రెండు పైపులు కట్టి, మధ్యలో ఆరడుగుల ఫ్లెక్సీ బిగించాం. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, వెనక నల్లగా ఉండే రకం. మా ఆయన ఎక్కడ సంపాదించారో నేనడగలేదు. వీధి మాకు ఉత్తరాన కాబట్టి పాదుకి పగలు ఎండ తగ్గదు. నల్లవైపు వీధికి, బొమ్మవైపు పందిరికి. దాంతో నలభై రోజులుగా ఆ పుట్టినరోజు బాబు రెండు చేతులూ జోడించి నా చిక్కుడుపాదుకి నమస్కారం పెడుతూనే ఉన్నాడు. చామంతి కుండీలు ఎనిమిదింటినీ ట్యాంకు వెనక్కి జరిపాను. మిగతా మేడ తోటంతా మామూలే. మెంతులు చల్లాను, టమాటా నారు పోశాను, బెండ అయిపోయింది, పీకేశాను. ఆనప ఈసారి నా మాట వినలేదు.

దసరా రోజు వాయుగుండం వచ్చింది. గాలికి ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి ఒక పైపు వంగింది. పెద్ద హోర్డింగులకి కోస్తారే, అలా మా ఆయన బ్లేడుతో నాలుగు చోట్ల అర్ధచంద్రంలా కోశారు, గాలి పోతుందని. నిలబడింది. నాలుగు రోజులకే ఈ పువ్వు.

తొలేళ్ల రాత్రి అమ్మవారి దగ్గర పెట్టిన గింజలు రైతులకి పంచుతారు. ఇంట్లో విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. చినమావయ్య వెళ్లి తెచ్చుకున్నారు. తలో రెండు గింజలూ వస్తాయేమోనని చూశాం, ఆయన చొక్కా జేబులోంచి తీయలేదు. మర్నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి సిరిమాను చూసి, కాళ్లీడ్చుకుంటూ వచ్చి, చుట్టాలని బస్సెక్కించేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

పడుకునే ముందు అత్తయ్యగారు మళ్లీ మేడెక్కుతానన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. పందిరంతా చీకటి, ఆకుల మధ్య మాత్రం నాలుగు తెల్లటి మచ్చలు, పది రూపాయల బిళ్లల్లా. గాలికి అటూ ఇటూ కదులుతున్నాయి. ఫ్లెక్సీకి కోసిన కన్నాల్లోంచి పడుతున్న వెలుగు.

ఆవిడ కాసేపు చూశారు.

"గాలికి ఎల్లడానికి దారుండాల, ఎలుగు రాకూడదు, అంతే కదేటి? నా పాత జాకెట్టు గుడ్డ ఇస్తాను. పైన మాత్రం కుట్టి, కింద ఒదిలీ."