పూత కాలంలో క్వాడ్ బండి

25 జనవరి 2026, ఆదివారం. రథసప్తమి.

తెల్లారి ఐదుకే అమ్మ లేపేసింది. తల మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు, వాటి మీద రేగుపండు, ఆపైన చన్నీళ్లు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే స్నానం అయిందనిపించాను. తిరుపతిలోనే ఉండి ఉంటే ఈపాటికి కొండకు పోయే బస్సుల హారన్లకే మెలకువ వచ్చేది. ఈ ఒక్క రోజు స్వామికి ఏడు వాహనాలు. తెల్లారి సూర్యప్రభతో మొదలై రాత్రి చంద్రప్రభతో ముగుస్తాయి. ఊరంతా జనం. ఆ రద్దీ పడలేకే నిన్న రాత్రి పాకాల దగ్గరి మా ఊరికి వచ్చేశామని ఇంట్లో చెప్పాను. అసలు కారణం మామిడి తోపులో, మోటారు రూములో, టార్పాలిన్ కింద ఉంది.

సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు, ఒకటే చక్రం అంటారు. నాది క్వాడ్, మోటార్ సైకిలు లాగే హ్యాండిల్ పట్టుకుని నడిపే బండి. దానికి నాలుగు చక్రాలు, కాగితం మీద పద్దెనిమిది గుర్రాల బలం (హార్స్‌పవర్). ఆ పద్దెనిమిదిలో నిజంగా పరిగెత్తేవి ఎన్నో తయారుచేసినవాడికే తెలియాలి.

బండి వచ్చి పది రోజులైంది. 250 సీసీ, ఒకటే సిలిండరు, చేతి క్లచ్, కాలి గేర్లు, రివర్సు కూడా ఉంది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నాను. చెక్క పెట్టెలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వచ్చింది, అక్కడి నుంచి టాటా ఏస్‌లో నేరుగా తోపుకే తెచ్చుకున్నాను. మన దగ్గర ఈ క్వాడ్‌లకు రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కించకూడదు. అడవిలోకి అసలే పోకూడదు. సొంత నేల ఉన్నవాడికే ఈ సరదా. మా నేల మొత్తం ఆరెకరాలు, అందులోనే తిరగాలి.

ధర రెండు లక్షల నలభై వేలు. నాయన ఆ అంకెను రూపాయల్లో వినలేదు. పోయిన ఏడు తోతాపురి రేటు పడిపోయి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకు 12 అన్నప్పటి నుంచి ఆయన లెక్కలన్నీ కాయల్లోనే. “ఇరవై టన్నుల కాయ పోసి కొన్న్యావా దీన్ని?” అన్నాడు. తర్వాత చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “మందు డ్రమ్ము ఏడ పెడతావు?” అని అడిగాడు. ఎక్కడా పెట్టలేం. ముందూ వెనకా స్టాండ్లుండి, నాలుగు చక్రాలూ లాగే రకం వేరు, అది సేద్యానికి పనికొస్తుంది. ఇది స్పోర్ట్ రకం. ఇంజిను బలమంతా చైను మీదుగా వెనక చక్రాలకే పోతుంది, వెడల్పుగా, కిందికి కూర్చున్నట్టు ఉంటుంది. చెంబు పెట్టుకునే చోటు కూడా ఉండదు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ మాత్రం ఒకే మాటతో తేల్చేసింది: “పుత్తూరు ఎంతో దూరం లేదులే.” ఎముక విరిగితే మా వైపు అందరికీ గుర్తొచ్చేది పుత్తూరు కట్టే.

పోయిన ఆదివారం మొదటిసారి నడిపాను. పాతికేళ్లుగా మోటార్ సైకిలు నడిపేవాణ్ణి, దీన్ని నడపడం ఎంత పని అనుకున్నాను. రెండు వరసల చెట్ల మధ్య సాఫీగానే పోయింది. వరస చివర మలుపులో అలవాటు కొద్దీ బండిని ఒక పక్కకు వంచబోయాను. అది వంగితే కదా! హ్యాండిల్ తిరిగింది, ముందు చక్రాలు తిరిగాయి, బండి మాత్రం నేరుగా పోయి గెనిమెక్కి నిలబడింది. పక్క తోపులోంచి చూస్తున్న బాబాయి, “దీన్ని రంగంపేటకు తోలుకోని పోరా, కొమ్ములకు పలకలు కట్టి వదుల్దాం” అన్నాడు. కనుమ పోయి రెండు రోజులే అయింది, ఆయన కళ్లలో ఇంకా రంగంపేట పశువుల పండగే ఉంది.

ఇవాళ తేడా ఏంటంటే, అది ఎందుకు తిరగలేదో తెలిసింది. తెలియజెప్పింది నాయన, అదీ పరోక్షంగా. అరుగు మీద అమ్మా పాపా చిక్కుడుకాయలతో రథం కడుతున్నారు. పుల్లలు గుచ్చి, కాయల్ని అడ్డంగా పేర్చి, కింద చక్రాలు. పాప చక్రాన్ని పుల్లకు గట్టిగా బిగించేసింది. నాయన చూసి, “ఇరుసుకు చక్రం అట్ల పట్టేస్తే బండి మళ్లుకోదు పాపా. మలుపులో లోపలి చక్రం కొంచెం దూరమే పోవాల, బయటిది ఎక్కువ పోవాల. అందుకే ఎద్దులబండికి ఇరుసు నిలబడి ఉంటాది, చక్రాలు దేనిపాటికి అది తిరగతాయి” అన్నాడు.

నేను లేచి తోపుకు పరిగెత్తినంత పని చేశాను. క్వాడ్ వెనక ఇరుసు ఒకే కడ్డీ. రెండు చక్రాలూ దానికి బిగించేసి ఉంటాయి, కడ్డీతో పాటే తిరుగుతాయి. మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారుకుంటుంది, దీనికి లేదు. మలుపులో రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో నేరుగా తోస్తుంటే ముందు టైర్లు ఏం చేస్తాయి పాపం, జారుకుంటూ పోతాయి. కాబట్టి బండిని వంచకూడదు, మనమే వంగాలి. పిర్ర సీటు మీంచి లోపలి వైపుకు జరపాలి, రొమ్మును మలుపులోకి పెట్టాలి, బయటి కాలితో ఫుట్‌పెగ్‌ను, అంటే కాలు మోపే కడ్డీని, గట్టిగా తొక్కాలి. అప్పుడు లోపలి వెనక చక్రం మీద బరువు తగ్గి కొంచెం జారుతుంది. దానికి తోడు కాస్త థ్రాటిల్ ఇస్తే వెనక భాగమే తిరిగి బండిని మలుపులో పెడుతుంది. మూడో ప్రయత్నానికి వచ్చింది. వచ్చిన ఆ ఒక్కసారీ ఎవరూ చూడలేదు.

నాయన వచ్చి, వంగి ఇరుసు చూసి, “రెండూ అతికేసినారా! ఎవురురా దీన్ని చేసింది?” అన్నాడు. ఎద్దులబండి చేసే వడ్రంగికున్న పాటి తెలివి లేదన్నట్టు.

ఇక మార్పుల సంగతి. కొన్న రోజు నా మనసులో ఉన్న జాబితా వేరు. సైలెన్సరు మార్చాలి, స్టిక్కర్లు వేయాలి, ఇంకా ఏమేమో. నిజంగా చేసినవి వేరు.

అన్నిటికంటే ముందు నట్లు. పెట్టెలోంచి తీసిన బండిని అలాగే నడపొద్దని మా వీధి మెకానిక్ భాయ్ ఫోన్లో చెప్పాడు కాబట్టి సరిపోయింది. ముందు కుడి చక్రం నాలుగు నట్లలో రెండు చేత్తో తిరిగాయి. చేత్తో! ఇది నేను తిడతానన్న చోటు. ఇంత డబ్బు తీసుకుని, నట్టు బిగించే ఓపిక లేదా? ఎయిర్ ఫిల్టరు స్పాంజి కూడా పొడిగా వచ్చింది, దానికి నూనె పట్టించలేదు. మా ఎర్ర మట్టిలో రెండు గంటలు తిరిగేసరికి స్పాంజి ఇటుక రంగుకు వచ్చింది. సర్ఫు నీళ్లలో పిసికి, నీడన ఆరబెట్టి, ఫిల్టరు ఆయిల్ పట్టించి, పిండి మళ్లీ పెట్టాను. ఇది వారం వారం ఉండే పనే.

తర్వాత టైర్లు. ఇక్కడ తప్పు నాది. మోటార్ సైకిలు లెక్కన ముప్పై పీఎస్ఐ గాలి కొట్టించి పెట్టాను. పోయిన వారం రాయి తగిలితే బంతిలా ఎగిరింది. చివరికి టైరు పక్కన అచ్చు గుద్దిన అక్షరాలు చదివితే అయిదు. ముప్పై ఎక్కడ, అయిదు ఎక్కడ! పంక్చరు షాపు గేజిలో ముల్లు అయిదు దగ్గర కదలను కూడా కదలదు. సున్నా నుంచి పది దాకా మాత్రమే చూపే చిన్న గేజి ఆన్‌లైన్లో తెప్పించాను. గాలి తీస్తుంటే టైరు నేల మీద పరుచుకుంది, ముసలి ఏనుగు కాలు మోపినట్టు. ఆ మెత్తదనమే సగం సస్పెన్షన్ అని ఇవాళ నడుముకు అర్థమైంది.

అయినా నేరు దోవలో బండి ఎడమకు లాగుతోంది. భాయ్ అడిగాడు, “వెనక రెండు టైర్ల చుట్టుకొలత చూసినావా అన్నా?” చూడలేదు. ఒకే ఇరుసు మీద ఒక టైరు చిన్నది, ఒకటి పెద్దది అయితే బండి చిన్నదాని వైపుకు లాగుతుందట. పాప అమ్మ కుట్టు మిషన్ టేపు తెచ్చింది. టేపు అరవై అంగుళాలే, టైరు దాన్ని మించిపోయింది. పాప సుద్దముక్కతో టైరు మీద గీత పెట్టి, మిగిలింది మళ్లీ కొలిచి, రఫ్ నోటు వెనక రాసింది. ఎడమ 61 ముప్పావు, కుడి 62న్నర. కుడి దాంట్లో గాలి కొంచెం తీయడం, కొలవడం, మళ్లీ కాస్త తీయడం. నాలుగుసార్లకు రెండూ దాదాపు ఒకటయ్యాయి. లాగడం పోయింది. ఈ బండి మీద ఇప్పటిదాకా అయిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైసా ఖర్చు లేదు.

కూలీగా ఏమిస్తావని పాప అడిగింది. ఒక రౌండు కావాలంది. పదహారేళ్లలోపు వాళ్లు నడపకూడదని, రెండో మనిషిని ఎక్కించకూడదని మడ్‌గార్డు మీద రెండు స్టిక్కర్లున్నాయి. చదివించాను. నడిపేవాడు సీటు మీద అటూ ఇటూ జరగాలి కదా, వెనక ఒకరు కూర్చుంటే ఎటు జరుగుతాడు? పాపకు ఇంకా పదకొండే. మూతి ముడుచుకుని రథం దగ్గరికి పోయింది. పాలపొంగలి దగ్గర మళ్లీ మామూలైంది.

మూడోది కాళ్ల కాపు. ఫుట్‌పెగ్‌కూ వెనక చక్రానికీ మధ్య ఖాళీగా ఉంటుంది. పోయిన వారం గతుకులో కాలు జారి కింద మోపితే, వెనక టైరు నా బూటు మడమ మీదికి ఎక్కింది. లాక్కున్నాను కాబట్టి బతికాను. ఆ క్షణం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నా. దీనికి నెర్ఫ్ బార్లు అని రెండు పక్కలా పైపు చట్రాలు వస్తాయి, మధ్యలో వల ఉంటుంది. మా బండికి సరిపోయేవి ఎక్కడా దొరకలేదు. పాకాలలో కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగ్ అన్నకు అట్టముక్క కోసి కొలత ఇచ్చాను. మొదట చదరం పైపుతో చేశాడు, పడితే అంచు కాలికి కోసుకునేలా ఉంది. వద్దు, గుండ్రటి పైపు కావాలన్నాను. “మధ్యలో పువ్వు పెట్టేదా అన్నా?” అని నిజంగానే అడిగాడు.

వలకు ఏం వాడాలో తెలియలేదు. తాడు అల్లితే కాలు సందులోకి దూరుతోంది. అమ్మే అటక మీద నుంచి పాత నవారు మంచం పట్టీలు దించింది, నైలాన్‌వి. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి తిన్నాక నాయన కూర్చుని వాటిని అడ్డం నిలువు అల్లి బిగించాడు. మంచం అల్లే చెయ్యి, ఒక్క చోట వదులు లేదు. ఇప్పుడు బండికి రెండు పక్కలా ఆకుపచ్చ, తెలుపు గళ్ల నవారు. ఫొటో చూసిన స్నేహితుడు ఫోన్ చేసి ఐదు నిమిషాలు నవ్వాడు. అదే పనిగా లోపలికి కాలు తోసి చూశాను, దూరలేదు.

హ్యాండిల్ కొంచెం ముందుకు తిప్పాను, నిలబడి నడిపేటప్పుడు మణికట్లు నొప్పి పెట్టలేదు. చైను తిప్పే ముందు పళ్ల చక్రానికి (స్ప్రాకెట్‌కు) ఒక పన్ను తగ్గించాలి, పద్నాలుగు బదులు పదమూడు. ముప్పై మూడడుగుల వరసల మధ్య నాకు స్పీడు దేనికి, లాగుడు కావాలి. సైలెన్సరు జోలికి మాత్రం పోను. దాన్ని మారిస్తే కార్బురేటరులో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చాలి, అవి మార్చకపోతే ఇంజిను వేడెక్కుతుంది. ఆ తలనొప్పంతా పెట్టుకుని చివరికి సాధించేది బాబాయి ఆవుల్ని బెదరగొట్టడమే.

సాయంత్రం నాలుగుకు మళ్లీ తీశాను. పూత బాగా వచ్చింది ఈ ఏడు. కొమ్మల చివర్లన్నీ పసుపు ఎరుపు కలిసిన రంగులో, గాలి తీపి వాసన. రెండు రౌండ్లకే వెనక ఎర్రటి దుమ్ము లేచి చెట్ల మీద వాలింది. గట్టు మీద నుంచి నాయన చెయ్యెత్తి ఆపాడు. “తేనెమంచు పురుగుకు మందు కొట్టి మూడు రోజులు కాలా. పూతంతా దుమ్ము కొడతా ఉండావు. దీన్ని ఎవురు కడగాల?” నా దగ్గర జవాబు లేదు. కాయ పిందె పడేదాకా చెట్ల మధ్యకు పోనని, వంక పక్కన ఉన్న బీడులోనే తిప్పుకుంటానని ఒప్పుకున్నాను. ఎకరం కూడా లేదది, సగం రేగుకంప.

కాఫీ తాగి వచ్చి బీడులో స్టార్ట్ చేశాను. మొదటి గేరు, రెండో గేరు, బొటనవేలితో థ్రాటిల్ చివరిదాకా నొక్కాను. బండి ఎద్దు నడిచినట్టు నడుస్తోంది. పెట్రోలు ఉంది. ఫిల్టరు పొద్దునే కడిగిందే. ప్లగ్గు క్యాపు చూశాను, క్లచ్ చూశాను. పావుగంట టెన్షన్ పడ్డాక కళ్లు థ్రాటిల్ డబ్బా మీదున్న చిన్న స్క్రూ మీద పడ్డాయి. దాన్ని లోపలికి తిప్పితే థ్రాటిల్ సగంలోనే ఆగిపోతుంది, నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. మొదటి రోజే నేను పూర్తిగా బయటికి తిప్పేశాను. ఇప్పుడది లోపలికి దిగి ఉంది, లాక్ నట్టు కూడా పద్ధతిగా బిగించి ఉంది. ఈ బండి మీద అంత పద్ధతిగా బిగించిన నట్టు ఇంకొకటి లేదు.

మోటారు రూము మెట్టు మీద నాయన బీడీ కాలుస్తున్నాడు. పక్కన ట్రాక్టరు స్క్రూడ్రైవరు.

“ఎన్ని చుట్లు తిప్పినావు నాయనా?”

“లెక్క పెట్టుకోలేదు” అన్నాడు.