శాన్ క్లెమెంతె: చర్చి కింద చర్చి, దాని కింద గుడి

రోమ్‌లో కొలోసియం దగ్గరి జనాన్ని దాటుకుని లాటెరానో వైపు వీధిలో కొద్దిసేపు నడిస్తే శాన్ క్లెమెంతె బసిలికా వస్తుంది. బయటి నుంచి చూస్తే సాదాసీదా గోడ. లోపల అడుగుపెట్టి తలెత్తగానే కాళ్లు ఆగిపోయాయి. చిన్నచిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన 12వ శతాబ్దపు బొమ్మ, మొజాయిక్ అది. శిలువ మీద పన్నెండు తెల్లపావురాలు. శిలువ మొదట్లోంచి లేచిన తీగ బంగారు రంగు నేపథ్యమంతటా చుట్టలుచుట్టలుగా అల్లుకుపోయింది. ఆ చుట్టల సందుల్లో కోళ్లకు మేత వేస్తున్న ఒక ఇల్లాలు కూడా ఉంది! దేవుడి పక్కన ఆమెకూ చోటిచ్చిన ఆ పనివాళ్ల మీద గౌరవం పుట్టింది.

మేం ముఖ్యంగా వచ్చింది కింద ఉన్నదాని కోసం. టికెట్ తీసుకుని మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి. 1084లో నార్మన్ సైన్యం ఈ చుట్టుపక్కలంతా తగలబెట్టింది. ఆ తర్వాత, 1100 ప్రాంతంలో, పాత చర్చిని రాళ్లూ మట్టితో పూడ్చి దానిమీదే ఇప్పటి చర్చి కట్టారు. అడుగున ఇంకొకటుందన్న సంగతే జనం మరిచిపోయారు. 1857లో జోసెఫ్ ములూలీ అనే డొమినికన్ క్రైస్తవ సంఘానికి చెందిన ఐరిష్ ఫాదర్ తవ్వించాకే అది బయటపడింది. పూడ్చడం వల్లే ఆ గోడల మీది బొమ్మలు మనదాకా వచ్చాయని నాకు గట్టిగా అనిపించింది.

ఆ బొమ్మల్లో ఒకదాని ముందు చాలాసేపు నిలబడ్డాను. సిసిన్నియస్ అనే అధికారి, ఈ చర్చికి పేరిచ్చిన తొలినాటి పోప్ సెయింట్ క్లెమెంట్‌ను ఈడ్చుకు రమ్మంటాడు. నౌకర్లు ఆయనే అనుకుని ఒక రాతిస్తంభానికి తాళ్లు కట్టి లాగుతుంటారు. కోపంతో సిసిన్నియస్ తిట్టే తిట్లు పక్కనే రాసి ఉన్నాయి, అదీ చర్చి గోడ మీద, వీధిలో మాట్లాడుకునే భాషలో! 11వ శతాబ్దం చివరి నాటి ఈ రాతను ఇటాలియన్ వాడుకభాషకు దొరికిన తొలి ఆధారాల్లో ఒకటిగా చెబుతారు. స్లావ్ ప్రజలకు లిపి కూర్చిన సెయింట్ సిరిల్‌ను 869లో పాతిపెట్టింది కూడా ఈ చర్చిలోనే. స్లావ్ దేశాలవాళ్లు పెట్టిన ఫలకాలు అక్కడి గోడకు వరసగా ఉన్నాయి.

ఇంకో అంతస్తు దిగితే చల్లదనం ఒక్కసారిగా పెరుగుతుంది. 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, రెండింటి మధ్య మనిషి దూరేంత ఇరుకు సందు. ఒకవైపు గుహలాంటి గదిలో, క్రైస్తవం స్థిరపడక ముందు రోమన్లు కొలిచిన మిత్ర (మిత్రాస్) దేవుడి గుడి. రెండు పక్కలా రాతి అరుగులు, నడుమ ఎద్దును వధిస్తున్న ఆ దేవుడి శిల్పం చెక్కిన బలిపీఠం. భక్తులు ఆ అరుగుల మీద చేరగిలబడి కలిసి భోంచేసేవారట.

అక్కడ ఎక్కడ నిలబడినా నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. ములూలీ కాలంలో ఈ అంతస్తు నీటిలోనే ఉండేది. 1912-14 మధ్య దాదాపు 700 మీటర్ల సొరంగం తవ్వి, ఆ ఊటను ప్రాచీన రోమన్ల పెద్ద మురుగుకాలువ క్లోవాకా మాక్సిమాలోకి మళ్లించారు. అది ఇప్పటికీ పనిచేస్తోంది.