'కాయా' వినేటప్పుడు ఒకటి మీద ఏముందో చూడండి

బాబ్ మార్లీ అండ్ ద వెయిలర్స్ 1978లో విడుదల చేసిన 'కాయా' ఆల్బమ్ అంత మెత్తగా ఎందుకుంటుందో తెలియాలంటే ముందు డ్రమ్స్ వినాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. రాక్ పాటల్లో ఒకటి మీద పడే బాస్ డ్రమ్ దెబ్బ, మార్లీ వాయించే జమైకా సంగీతం రెగెలో చాలాచోట్ల పడదు. వెయిలర్స్ డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ మూడు దాకా ఆగి, స్నేర్ డ్రమ్ అంచు మీద కర్ర దెబ్బతో కలిపి వేస్తాడు. దీన్నే వన్ డ్రాప్ అంటారు. ఆ ఖాళీలోనే హాయి అంతా ఉంది.

గిటార్ రెండు, నాలుగు మీద. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే: కార్డ్‌ని (కలిపి మీటే స్వరాల గుంపుని) మోగనిస్తారు. కొట్టిన వెంటనే ఎడమచేతి వేళ్ల ఒత్తిడి తీసేయాలి, తీగల మీంచి మాత్రం ఎత్తకూడదు. మోత మిగిలితే ఆస్టన్ బారెట్ బాస్ గిటార్ మసకబారుతుంది. ఫోన్ స్పీకర్లో ఆ బాస్ ఎలాగూ వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

'ఈజ్ దిస్ లవ్'లో ప్రేమంటే ఒకే కప్పు కింద, ఒంటి మంచం మీద సర్దుకోవడం. ఎంత చిన్న వాగ్దానం, ఎంత నిండైనది! 'షీజ్ గాన్'లో ఆమె తలుపుకి చీటీ తగిలించి వెళ్లిపోతుంది.

1976 డిసెంబర్‌లో కింగ్‌స్టన్‌లో మార్లీ మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత లండన్‌లో, 'ఎక్సోడస్' ఆల్బమ్ సెషన్లలోనే ఈ పాటలూ రికార్డయ్యాయి. మెత్తబడ్డాడని అప్పట్లో విమర్శించినవాళ్లు ఇందులోని 'రన్నింగ్ అవే'ని సరిగా విననట్టే.